నాలుగు నెలల వల్కన్, తెర మీద ఒక్క ఘనం

ప్రశ్న: నమస్కారం. మూడేళ్లుగా సీ ప్లస్ ప్లస్ రాస్తున్నాను. ఇంతకు ముందు ఒక చిన్న టూడీ గేమ్ పూర్తి చేశాను. ఇప్పుడు నేనూ, నా స్నేహితురాలూ కలిసి ఒక త్రీడీ సాహస గేమ్ మొదలుపెట్టాం. ఆమె బ్లెండర్‌లో మోడళ్లు, యానిమేషన్లు చేస్తుంది. ప్రోగ్రామింగ్ అంతా నాది. గేమ్‌ను నడిపే పునాది కోడ్ అయిన ఇంజన్ కూడా నేనే రాసుకోవాలని నా పట్టుదల. ఏడాదిన్నరలో స్టీమ్‌లో విండోస్ గేమ్‌గా విడుదల చేయాలని, వీలైతే తర్వాత ఫోన్లలోకి కూడా తేవాలని అనుకుంటున్నాం. గ్రాఫిక్స్ ప్రోగ్రామర్‌గా ఉద్యోగం సంపాదించాలన్నది నా మరో కోరిక. అందుకే గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే వల్కన్ అనే ఏపీఐని (ప్రోగ్రామ్ పిలవడానికి ఇచ్చిన ఫంక్షన్ల సమూహం) ఎంచుకున్నాను. నాలుగు నెలలు గడిచాయి. టెక్స్చర్ (ఉపరితలం మీది బొమ్మ) అతికించిన ఒక ఘనం తెర మీద తిరుగుతోంది, అంతే. విండో సైజు మారిస్తే ఒక్కోసారి ప్రోగ్రామ్ ఆగిపోతోంది. నాతోపాటే మొదలుపెట్టిన ఇంకో మిత్రుడు ఓపెన్‌జీఎల్ అనే పాత ఏపీఐలో అప్పుడే ఒక మనిషి బొమ్మను పరిగెత్తిస్తున్నాడు. ఓపెన్‌జీఎల్ చచ్చిపోయిందనీ, మైక్రోసాఫ్ట్ ఏపీఐ అయిన డైరెక్ట్‌త్రీడీ 11 పాతబడిందనీ అందరూ అంటున్నారు. ఇప్పుడు మారితే ఓడిపోయినట్టు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళతాను. ఈ గేమ్ వరకు వల్కన్‌ను పక్కన పెట్టి డైరెక్ట్‌త్రీడీ 11కు మారండి. వల్కన్ నేర్చుకోవడం మాత్రం మానకండి; దాన్ని గేమ్ నుంచి విడదీసి, గడువు లేని వేరే పనిగా పెట్టుకోండి. మీ ఉత్తరంలో ఏడాదిన్నరలో విడుదల కావాల్సిన గేమ్ ఒకటి, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ ఉద్యోగం ఒకటి, రెండు కోరికలు ఉన్నాయి. రెండూ మంచివే గానీ, రెండింటినీ ఒకే కోడ్ మోయాలని మీరు ఆశిస్తున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి కోరిక నెరవేరాలంటే గ్రాఫిక్స్ ఏపీఐ మీ సమయాన్ని ఎంత తక్కువ తింటే అంత మేలు. రెండో కోరిక నెరవేరాలంటే దాని లోతుపాతుల్లో మీరు ఎంత సమయం గడిపితే అంత మేలు. ఇక స్నేహితురాలి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాలుగు నెలలుగా ఆమె చేస్తున్న మోడళ్లలో ఒక్కటైనా గేమ్‌లో ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకు చూడలేదు. నా అభిప్రాయానికి అన్నిటికన్నా బలమైన కారణం అదే.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని దాటేసి ముందుకు పోవడం నిజాయితీ కాదు. అసలు ఇంజన్ రాయాలా? గోడో, యూనిటీ, అన్‌రియల్ వంటి ఇంజన్లలో ఈ ఎంపిక మీ తరఫున ఎప్పుడో జరిగిపోయింది. ఉదాహరణకు 2023లో వచ్చిన గోడో 4 ప్రధానంగా వల్కన్ మీద నడుస్తూనే, పాత యంత్రాల కోసం ఓపెన్‌జీఎల్ మీద నడిచే ఇంకో దారిని కూడా ఉంచింది. వాడేవారు ఒక సెట్టింగు మార్చుకుంటే సరిపోతుంది. గేమ్ విడుదలే మీ ఇద్దరికీ ముఖ్యమైతే నేను అటే పంపేవాణ్ని. కానీ మీరు పట్టుదల అన్న మాట వాడారు, ఉద్యోగం మాటా ఎత్తారు, కాబట్టి ఇంజన్ మీరే రాస్తారన్న లెక్కతోనే మిగతాది చెబుతున్నాను. ఈ విషయం మాత్రం స్నేహితురాలితో ఒకసారి విప్పి మాట్లాడండి, ఎందుకంటే ఆ పట్టుదలకు ఆమె సమయం కూడా ఖర్చవుతోంది.

వల్కన్ ఎవరి బాధ తీర్చడానికి పుట్టిందో తెలిస్తే, మీకు అది ఎందుకు ఇంత బరువుగా ఉందో అర్థమవుతుంది. 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తెచ్చిన ఓపెన్‌జీఎల్‌లో గానీ, 1996లో మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టి 2009 నాటికి 11వ తరానికి తెచ్చిన డైరెక్ట్‌త్రీడీలో గానీ ప్రోగ్రామర్ చెప్పేది చాలా తక్కువ: ఈ టెక్స్చర్ తీసుకో, ఈ షేడర్ (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) పెట్టు, ఈ త్రిభుజాలు గియ్యి. ఆ టెక్స్చర్ మెమరీలో ఎక్కడ ఉండాలి, ఇంతకు ముందు గీస్తున్నది పూర్తయిందా లేదా, ఈ సెట్టింగులన్నీ కలిస్తే జీపీయూకు (గ్రాఫిక్స్ చిప్) కొత్త కోడ్ తయారు చేయాలా అన్నవన్నీ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డు సంస్థ ఇచ్చే సాఫ్ట్‌వేర్) చూసుకునేది. గేమ్ తర్వాత ఏం అడగబోతోందో డ్రైవర్‌కు తెలియదు కాబట్టి అది ఊహించి పనిచేయాలి, ఆ ఊహలకు సీపీయూ సమయం ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఏ ఫ్రేమ్‌లో మీద పడుతుందో ఎవరికీ ముందుగా తెలియదు. ఒక్కో ఫ్రేమ్‌లో వేల వస్తువులు గీసే పెద్ద గేమ్‌లకు ఇది సంకెల అయింది. సీపీయూలో ఎన్ని కోర్లు ఉన్నా జీపీయూకు పని అందించేది దాదాపు ఒక్క థ్రెడ్డే. 2013లో ఏఎమ్‌డీ ప్రకటించిన మాంటిల్, 2014లో ఆపిల్ తెచ్చిన మెటల్, 2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్‌త్రీడీ 12, మాంటిల్ పునాది మీదే క్రోనోస్ గ్రూప్ నిలబెట్టి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన వల్కన్, ఇవన్నీ ఆ సంకెల తెంచడానికి పుట్టినవే. వీటి పద్ధతి దాదాపు ఒకటే: డ్రైవర్ ఊహించి చేస్తున్న పనిని, ముందు ఏం జరగబోతోందో తెలిసిన ఇంజన్‌కు అప్పగించడం. పెద్ద స్టూడియోల్లో ఆ పని కోసమే నియమించుకున్న మనుషులు ఉంటారు. మీ ఇంట్లో ఆ పనీ మీదే, గేమ్ పనీ మీదే.

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. ఘనం తిరగాలంటే ప్రతి ఫ్రేమ్‌కూ ఒక మాట్రిక్స్‌ను (ఘనం ఎటు తిరిగి ఉందో చెప్పే సంఖ్యల పట్టిక) బఫర్‌లో (జీపీయూ చదివే మెమరీ ముక్క) కొత్తగా రాయాలి. డైరెక్ట్‌త్రీడీ 11లో ఆ బఫర్‌ను పాత విలువలు అక్కరలేదన్న సూచనతో మ్యాప్ చేస్తే చాలు; జీపీయూ ఇంకా గత ఫ్రేమ్ బఫర్‌నే చదువుతూ ఉంటే డ్రైవర్ చప్పుడు చేయకుండా మీకు వేరే మెమరీ ముక్క ఇచ్చి, పాతది ఖాళీ కాగానే వెనక్కి తీసుకుంటుంది. వల్కన్‌లో ఆ బఫర్‌కు రెండో మూడో ప్రతులు మీరే పెట్టుకోవాలి, ఏ ప్రతిని జీపీయూ వదిలిపెట్టిందో ఫెన్స్ (జీపీయూ పని ముగిసిందని తెలిపే గుర్తు) ద్వారా మీరే తెలుసుకోవాలి, ఆ మెమరీని ఒక పెద్ద దిమ్మ నుంచి మీరే కోసి పంచాలి. కోసి పంచడం ఎందుకంటే, ఒకేసారి ఎన్ని మెమరీ కేటాయింపులు ఉండవచ్చన్న దానికి వల్కన్ ప్రమాణం హామీ ఇచ్చే కనీస పరిమితి 4,096 మాత్రమే. ప్రతి వస్తువుకూ విడిగా అడుగుతూ పోతే కొన్ని యంత్రాల మీద ఆ గోడ తగులుతుంది. ఇక టెక్స్చర్‌ను జీపీయూకు పంపేటప్పుడు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే బ్యారియర్లు (ముందు పని పూర్తయ్యాకే తర్వాతది మొదలయ్యేలా ఆపేవీ ఇవే), కమాండ్ బఫర్లు (జీపీయూకు ఇచ్చే పనుల జాబితాలు), డిస్క్రిప్టర్ సెట్లు (షేడర్ ఏ బఫర్లు, టెక్స్చర్లు చదవాలో చెప్పేవి), వీటితో మీరు ఇప్పటికే కుస్తీ పట్టి ఉంటారు కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను.

విండో సైజు మార్చినప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోవడానికి ఎక్కువగా రెండు కారణాలు కనబడతాయి. జీపీయూ ఇంకా పాత స్వాప్‌చెయిన్ (తెర మీదికి వంతులవారీగా వెళ్లే చిత్రాల వరుస) చిత్రాలను వాడుతుండగానే మీరు వాటిని తీసేస్తూ ఉండవచ్చు. లేదా విండోను మినిమైజ్ చేసినప్పుడు వెడల్పు, ఎత్తు సున్నా అయిపోయి, ఆ సున్నాతోనే కొత్త స్వాప్‌చెయిన్ అడుగుతూ ఉండవచ్చు. మొదటిదానికి తీసివేసే ముందు డివైజ్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి, రెండోదానికి సైజు సున్నా ఉన్నంతసేపు గీయడం మానాలి. రెండూ చిన్న మరమ్మతులే. అయితే ఈ జాతి తప్పులకు ఒక చెడ్డ గుణం ఉంది. బ్యారియర్ ఒకటి మరిచిపోయినా మీ గ్రాఫిక్స్ కార్డు మీద అంతా సవ్యంగానే కనిపించవచ్చు, గేమ్ కొన్నవాళ్ల యంత్రంలో వేరే సంస్థ జీపీయూ ఉంటే అక్కడ మెరుపులు, నల్లటి మచ్చలు రావచ్చు. ఆ యంత్రం మీ దగ్గర ఉండదు. వల్కన్ బరువంటే తెర మీద మొదటి త్రిభుజానికి రాయాల్సిన వెయ్యి లైన్ల దాకా ఉండే కోడ్ అని అందరూ అనుకుంటారు. ఆ కోడ్ ఒక్కసారి రాస్తే తీరిపోతుంది, కానీ ఇటువంటి తప్పుల వేట విడుదల తర్వాత కూడా తీరదు.

ఇంత శ్రమకు ప్రతిఫలంగా వేగం దక్కుతుందా అంటే, మీ గేమ్‌కు దక్కదని నా అంచనా. సెకనుకు 60 ఫ్రేములు నడపాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.67 మిల్లీసెకన్లు ఉంటాయి. ఇద్దరు మనుషులు చేసే సాహస గేమ్‌లో ఒక ఫ్రేమ్‌కు ఉండే డ్రా కాల్స్ (గీయమని జీపీయూకు ఇచ్చే ఆదేశాలు) కొన్ని వందలు, పచ్చిక, చెట్లు ఎక్కువైతే వెయ్యో రెండు వేలో. ఒకే రకం వస్తువులను ఇన్‌స్టాన్సింగ్ ద్వారా కలిపి గీస్తే అవీ తగ్గుతాయి. ఈ మాత్రం పనిని డైరెక్ట్‌త్రీడీ 11 డ్రైవర్ తేలికగా మోస్తుంది. సమయం ఖర్చయ్యేది నీడలు, పారదర్శకమైన ఆకులు, పొగ వంటి వాటిని గీసే పిక్సెల్ షేడర్లలో, అంటే జీపీయూ మీద, అక్కడ ఏపీఐ ఏదైనా అదే హార్డ్‌వేర్ అదే పని చేస్తుంది. పైగా డైరెక్ట్‌త్రీడీ 11 డ్రైవర్లలో జీపీయూ సంస్థలు ఏళ్ల తరబడి పోసిన నైపుణ్యం ఉంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా బ్యారియర్ పెట్టుకుంటూ పోయే కొత్తవాడి వల్కన్ కోడ్ దానికన్నా నెమ్మదిగా నడవడం వింతేమీ కాదు.

ఓపెన్‌జీఎల్ చచ్చిపోయిందన్న మాటలో సగం నిజం ఉంది. చివరి వెర్షన్ 4.6 వచ్చింది 2017లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. ఆపిల్ 2018లో దాన్ని వదిలేయబోతున్నట్టు ప్రకటించింది, అంతకు చాలా ముందే 4.1 దగ్గర ఆపేసింది. రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి గీయడం) వంటి కొత్త సదుపాయాలు అందులో అందరికీ పనికొచ్చే ప్రామాణిక రూపంలో లేవు. అయినా విండోస్, లినక్స్ డ్రైవర్లలో అది నేటికీ ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని తమ్ముడు ఓపెన్‌జీఎల్ ఈఎస్ ఉంది, బ్రౌజర్లలో వెబ్‌జీఎల్ ఉంది. ఇన్ని ప్రోగ్రాములు దాని మీద ఆధారపడి ఉండగా దాన్ని ఎవరూ రాత్రికి రాత్రి తీసేయలేరు. మీ మిత్రుడు పరిగెత్తిస్తున్న బొమ్మ చచ్చిన ఏపీఐ మీద పరిగెత్తుతోందని ఆ గేమ్ ఆడేవాళ్లకు తెలియదు, తెలిసినా పట్టదు. ఆయన ఎంపికలో తప్పేమీ లేదు.

మరి మీకు ఓపెన్‌జీఎల్ కాకుండా డైరెక్ట్‌త్రీడీ 11 ఎందుకు చెబుతున్నానంటే, నా అనుభవంలో తప్పు దొరికే వేగంలో రెండింటికీ చాలా తేడా ఉంది. ఓపెన్‌జీఎల్ అంతా ఒక పెద్ద ఉమ్మడి స్థితి. ఎక్కడో ఒక ఫంక్షన్ బ్లెండింగ్ (వెనకున్న రంగుతో కలిపి గీయడం) ఆన్ చేసి ఆఫ్ చేయడం మరిచిపోతే, దానితో సంబంధం లేని ఇంకోచోట గోడ పారదర్శకంగా కనిపిస్తుంది. డైరెక్ట్‌త్రీడీ 11లో బ్లెండింగ్, లోతు పరీక్ష, రాస్టరైజర్ వంటి సెట్టింగులను ముందే వస్తువులుగా కట్టి, వాటిని మొత్తంగా మార్చుకుంటారు. మీకు అలవాటైన వల్కన్ పైప్‌లైన్ (సెట్టింగులన్నీ ఒకే మూటగా కట్టడం) ఆలోచనకు ఇది దగ్గరి రూపమే. డివైజ్ సృష్టించేటప్పుడు డీబగ్ ఫ్లాగ్ పెడితే, మీరు చేసిన పొరపాటును దాదాపు పూర్తి వాక్యంలో చెబుతుంది. షేడర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఓపెన్‌జీఎల్‌లో సాధారణంగా షేడర్ మూలపాఠాన్నే డ్రైవర్‌కు ఇస్తాం, ఒక్కో సంస్థ డ్రైవర్‌లో ఒక్కో కంపైలర్ ఉంటుంది, ఒకటి ఊరుకున్న తప్పును ఇంకొకటి ఊరుకోదు. డైరెక్ట్‌త్రీడీలో హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ అనే భాషలో రాసిన షేడర్లను మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో మీ యంత్రంలోనే బైట్‌కోడ్‌గా మార్చి గేమ్‌తో పంపుతారు కాబట్టి, భాషా దోషాలు ఆటగాడి ఇంట్లో బయటపడవు. పైగా అదే హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ పాఠాన్ని రేపు డీఎక్స్‌సీ కంపైలర్ ద్వారా వల్కన్ చదివే స్పిర్‌-వీ రూపానికి కూడా మార్చుకోవచ్చు. షేడర్లలో పెట్టిన శ్రమ ఏపీఐ మారినా చాలావరకు మీతోనే వస్తుంది.

విండోస్‌కే కట్టుబడినట్టు కాదా అని మీరు అడగవచ్చు. 2018లో స్టీమ్ సంస్థ వాల్వ్ మొదలుపెట్టిన, విండోస్ గేమ్‌లను లినక్స్ మీద నడిపే ప్రోటాన్‌లో డీఎక్స్‌వీకే అనే పొర ఉంది. అది డైరెక్ట్‌త్రీడీ 11 పిలుపులను లినక్స్ మీద వల్కన్‌లోకి మారుస్తుంది. 2022లో వచ్చిన లినక్స్ గేమ్ యంత్రం స్టీమ్ డెక్ మీద విండోస్ గేమ్‌లు నడిచేది ఈ ఏర్పాటుతోనే. అంటే మీ గేమ్ ఆ యంత్రం మీద వల్కన్‌లోనే నడుస్తుంది, ఆ వల్కన్ కోడ్ మాత్రం మీకన్నా ఎంతో ఎక్కువ పరీక్షలకు నిలిచిన చేతులు రాసినది. ఈ మాట మీకు కాస్త చురుక్కుమనవచ్చు, కానీ నాకు ఇందులో ఊరటే కనిపిస్తుంది.

డైరెక్ట్‌త్రీడీ 12 గురించి ఎక్కువ చెప్పను. వల్కన్‌లో మీరు పడ్డ పాట్లన్నీ అక్కడా ఉంటాయి, అది నడిచేది విండోస్, ఎక్స్‌బాక్స్‌ల మీద. రే ట్రేసింగ్ తప్పనిసరైతే తప్ప మీ స్థితిలో అటు చూడనక్కరలేదు. ప్లేస్టేషన్, నింటెండో వంటి కన్సోళ్లకు తయారీదారులతో ఒప్పందం కుదిరాకే వారి సొంత ఏపీఐలు, పరికరాలు చేతికి వస్తాయి కాబట్టి ఈరోజు వాటి గురించి ఆలోచించి లాభం లేదు.

ఫోన్ల సంగతిలో మాత్రం మీరు వాడిన ‘వీలైతే’ అన్న మాట దగ్గర ఆగాలి. ఐఫోన్‌లో అసలు ఏపీఐ మెటల్. వల్కన్‌ను అక్కడ నడపాలంటే మోల్టెన్‌వీకే అనే అనువాద పొర కావాలి. ఆండ్రాయిడ్‌లో వల్కన్ 2016 నాటి 7.0 వెర్షన్ నుంచి ఉన్నా, అన్ని ఫోన్ల డ్రైవర్లూ ఒకే నాణ్యతతో ఉంటాయన్న భరోసా లేదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. చాలా ఫోన్ జీపీయూలు తెరను చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలకను చిప్ లోపలి చిన్న మెమరీలోనే పూర్తి చేసి, ఆ తర్వాతే బయటి మెమరీకి రాస్తాయి. కంప్యూటర్‌లో అలవాటుగా చేసే పని, అంటే ఒక చిత్రం గీసి, దాన్ని చదివి ఇంకో చిత్రం గీసి, మళ్లీ మొదటిదానికి రావడం అక్కడ బ్యాటరీని తాగేస్తుంది. టెక్స్చర్లు కూడా కంప్యూటర్‌లో బీసీ రకాల కంప్రెషన్‌లో ఉంటే ఫోన్‌లో ఏఎస్‌టీసీలోకి మార్చాలి. వేళ్లతో ఆడే నియంత్రణలు సరేసరి. కాబట్టి ఏపీఐ రెండుచోట్లా ఒకటే అయినంత మాత్రాన గేమ్ ఫోన్‌లోకి దిగదు. ‘వీలైతే’ కోసం ఈరోజు నాలుగు నెలలు కట్టడం ఎక్కువ ధర.

అయితే మీరిద్దరూ కూర్చుని ఆలోచించుకుని, ఫోన్ విడుదల తప్పనిసరి అని తేల్చుకుంటే నా సలహా మారుతుంది. అప్పుడు 2025 జనవరిలో స్థిరమైన రూపంలో వచ్చిన ఎస్‌డీఎల్ 3 అనే లైబ్రరీలోని జీపీయూ ఏపీఐ చూడమంటాను. ఒకే రకం కోడ్‌తో అది వల్కన్, డైరెక్ట్‌త్రీడీ 12, మెటల్ మూడింటి మీదా పనిచేస్తుంది; బ్యారియర్లు, మెమరీ పంపకం తనే చూసుకుంటుంది, కమాండ్ బఫర్లు, రెండర్ పాస్‌లు, పైప్‌లైన్లు మాత్రం మీ చేతిలో ఉంచుతుంది. వల్కన్ చదివిన మీకు దాని మాటలన్నీ తెలిసినవే. లోపమల్లా, ఒక్కో ఏపీఐ కోరే షేడర్ రూపాన్ని విడివిడిగా సమకూర్చే ఏర్పాటు మీరు చేసుకోవాలి, దాని వయసు చిన్నది కాబట్టి ఎక్కడైనా ఇరుక్కుంటే చదువుకోవడానికి పాత చర్చలు తక్కువ దొరుకుతాయి. బ్రౌజర్ కోసం పుట్టిన వెబ్‌జీపీయూను కూడా ఇలాగే మామూలు గేమ్‌లకు వాడేవారు ఉన్నారు గానీ, మీరు బ్రౌజర్ మాట ఎత్తలేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

మారాలనుకోగానే మీకు ఒక ఆలోచన వస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ వచ్చింది. ఏపీఐ ఏదైనా పనిచేసేలా మధ్యలో ఒక పొర కట్టి, దాని కింద వల్కన్ ఒకటి, డైరెక్ట్‌త్రీడీ ఒకటి, ఓపెన్‌జీఎల్ ఒకటి తగిలిస్తే ఇక ఎప్పటికీ ఎంచుకోనక్కరలేదు కదా అని. అటువంటి పొర మీద నేను ఏడాదికి పైగా గడిపాను. మూడు ఏపీఐల మీదా ఒకే ఇల్లు ఒకేలా కనిపించేది, పైకీ కిందికీ తిరగబడకుండా. ఆ ఇంట్లో ఆడటానికి మాత్రం ఏమీ లేదు. ఒక్క ఏపీఐతోనైనా పూర్తి గేమ్ చేయకుండా, మూడింటికీ ఉమ్మడిగా ఏం కావాలో ఎవరూ సరిగ్గా ఊహించలేరు. దానికి బదులు ఒక చిన్న క్రమశిక్షణ పాటించండి: డైరెక్ట్‌త్రీడీ పేరు ఒకే ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లు దాటి బయటికి రాకూడదు. గేమ్ కోడ్ ‘ఈ మోడల్‌ను, ఈ మెటీరియల్‌తో, ఈ చోట గియ్యి’ అని మాత్రమే అడగాలి. టెక్స్చర్‌కు, మోడల్‌కు ఒక సంఖ్యే గుర్తుగా ఉండాలి, పాయింటర్ కాదు. రేపు మార్చాల్సి వస్తే ఆ ఫోల్డర్ ఒక్కటి తిరగరాస్తారు. లోతు విలువ ఓపెన్‌జీఎల్‌లో మామూలుగా మైనస్ 1 నుంచి 1 వరకు, మిగతావాటిలో 0 నుంచి 1 వరకు ఉంటుంది, వల్కన్‌లో నిలువు అక్షం తలకిందులుగా ఉంటుంది. ఇటువంటి తేడాలన్నీ ప్రొజెక్షన్ మాట్రిక్స్ తయారుచేసే ఒక్క ఫంక్షన్‌లోనే దాచుకుంటే తర్వాత వెతుక్కోనక్కరలేదు.

ఇక ఉద్యోగం. గ్రాఫిక్స్ ప్రోగ్రామర్‌ను తీసుకునేవారు చాలాచోట్ల వల్కన్ గానీ డైరెక్ట్‌త్రీడీ 12 గానీ అడుగుతారన్నది నిజమే. కానీ ఇంటర్వ్యూలో సంభాషణ ఎక్కువసేపు నడిచేది ఫంక్షన్ల పేర్ల మీద కాదు. నీడల అంచులు ఎందుకు మిణుకుమిణుకుమన్నాయి, ఈ ఫ్రేమ్‌లో 5 మిల్లీసెకన్లు ఎక్కడ పోయాయి, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు అన్న ప్రశ్నల మీద నడుస్తుంది. వాటికి జవాబులు పూర్తయిన గేమ్ నుంచే వస్తాయి. మీ వల్కన్ కోడ్‌ను చెరిపేయకండి. మీరు చదివిన పాఠం రెండర్ పాస్ వస్తువులు, ఫ్రేమ్‌బఫర్లు కట్టే పాత పద్ధతిలో ఉంటే, 2022లో వచ్చిన వల్కన్ 1.3 లో ప్రమాణంగా చేరిన డైనమిక్ రెండరింగ్‌కు దాన్ని మార్చి చూడండి, సగం గజిబిజి అక్కడే పోతుంది. మెమరీ పంపకానికి ఏఎమ్‌డీ ఉచితంగా ఇచ్చిన వల్కన్ మెమరీ అలొకేటర్ వాడండి. అది సొంతంగా రాయకపోతే నేర్చుకోనట్టే అనుకోకండి, పెద్ద ఇంజన్లలోనూ దాన్ని వాడతారు. వల్కన్ వాడకంలో తప్పులు పట్టే వాలిడేషన్ లేయర్లలో సింక్రనైజేషన్ తనిఖీ అప్రమేయంగా ఆన్‌లో ఉండదు, దాన్ని మీరే ఆన్ చేయాలి. ఆ కోడ్ మీద కంప్యూట్ షేడర్‌తో కదిలే రేణువుల వంటి ఒక చిన్న ప్రదర్శన చేసి, ప్రతి బ్యారియర్ ఎందుకు పెట్టారో రెండు వాక్యాల్లో రాసి పక్కన ఉంచండి. గేమ్ ఒకటి, ఆ ప్రదర్శన ఒకటి చేతిలో ఉంటే మీ రెండో కోరికకు అంతకన్నా మంచి అర్జీ ఉండదు.

మారడం ఓటమి కాదని నేను చెప్పినా మీ మనసు ఒప్పుకోకపోవచ్చు. ఒకసారి లెక్క వేసుకోండి: స్వాప్‌చెయిన్, డిస్క్రిప్టర్, కమాండ్ బఫర్ అంటే తెలిసిన మనిషికి డైరెక్ట్‌త్రీడీ 11లో తిరిగే ఘనం దగ్గరికి రావడానికి పట్టేది వారం, మహా అయితే రెండు. విండో సైజు మారినప్పుడు వెనక బఫర్‌ను పట్టుకున్న వ్యూలన్నీ వదిలేసి ఒక్క ఫంక్షన్ పిలిస్తే కొత్త బఫర్లు వస్తాయి. మొదటి రోజే డీబగ్ ఫ్లాగ్ ఆన్ చేయండి, రెండో రోజు రెండర్‌డాక్‌తో ఒక ఫ్రేమ్ పట్టి చూడటం అలవాటు చేసుకోండి. ఉచితమైన ఆ పరికరం డైరెక్ట్‌త్రీడీ 11, వల్కన్ రెండింటికీ పనిచేస్తుంది కాబట్టి ఆ అలవాటు వృథా పోదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఒక మామూలు ల్యాప్‌టాప్‌ను ఎక్కడినుంచైనా సంపాదించి, నెలకొకసారి గేమ్‌ను దాని మీద నడపండి.

ఘనం రాగానే దీపాలు, నీడల జోలికి పోకుండా స్నేహితురాలు చేసిన ప్రధాన పాత్రను లోపలికి తెండి. బ్లెండర్ నుంచి జీఎల్‌టీఎఫ్ అనే ఫైలు రూపంలో తీసుకోండి. మొదటిసారి ఆ పాత్ర లోపలి భాగం బయటికి తిరిగినట్టు, ముందున్న ముఖం మాయమై వీపు లోపలి వైపు కనిపిస్తే కంగారు పడవద్దు. జీఎల్‌టీఎఫ్‌లో త్రిభుజాల ముందువైపు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో ఉంటుంది, డైరెక్ట్‌త్రీడీ 11 అప్రమేయంగా గడియారం దిశను ముందువైపుగా తీసుకుంటుంది, రాస్టరైజర్ సెట్టింగుల్లో ఒక్క విలువ మారిస్తే సరిపోతుంది. కుడిచేతి, ఎడమచేతి అక్షాల తేడా వల్ల ఆ పాత్ర అద్దంలో బొమ్మలా తిరగబడిందేమో కూడా చూడాలి, సౌష్ఠవంగా ఉన్న మోడల్‌లో అది చాలాకాలం ఎవరి కంటా పడదు. ఆ పాత్ర చొక్కా మీద ఏదైనా ఒక అక్షరం రాసి ఇవ్వమని ఆమెను అడగండి.